ఇంట్లోకి పురుగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం అమెరికాలో ఒహాయోలో ఉంటాం. అక్టోబరు వచ్చిందంటే ఎండ కాసిన మధ్యాహ్నాల్లో వందలకొద్దీ అక్షింతల పురుగులు గోడ మీద వాలి, కిటికీ సందుల్లోంచి లోపలికొస్తున్నాయి. చీపురుతో ఊడిస్తే గోడంతా పసుపు మరకలు, కంపు. ఇవి రైతుకు మేలు చేసేవంటారు కదా, ఏం చేయమంటారు?

జవాబు: మన చేలల్లో పేనుబంకను తినే అక్షింతల పురుగులకు ఇవి దాయాదులే. మీ ఇంటికొచ్చేది మాత్రం ఆసియా రకం. చుక్కలు లెక్కపెట్టి పోల్చుకోలేరు. కొన్నిటికి పంతొమ్మిది దాకా ఉంటాయి, కొన్నిటికి ఒక్కటీ ఉండదు. తల వెనకున్న తెల్లటి భాగం చూడండి. అక్కడ ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా నల్ల గీతలుంటే అదే. పేనుబంకను అదుపు చేయడానికి దీన్ని 1916లోనే కాలిఫోర్నియాలో వదిలారు. 1988లో లూసియానాలో కనిపించాక దేశమంతా పాకింది. సొంత గడ్డ తూర్పు ఆసియాలో ఇది చలికాలాన్ని కొండరాళ్ల నెర్రెల్లో గడుపుతుంది. ఎండ తగిలే మీ లేతరంగు గోడ దానికి కొండరాయే.

మేలు చేసే పురుగన్నది నిజం. ఇంట్లో అది గుడ్లు పెట్టదు, చెక్కనూ బట్టలనూ తినదు. కాకపోతే నలిపినా బెదిరించినా కాళ్ల కీళ్లలోంచి పసుపు ద్రవం చిమ్ముతుంది. మీరు చూసిన మరకలు, కంపు దానివే. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు. అందుకే ఊడవొద్దు, నలపొద్దు.

వాక్యూమ్ గొట్టం మూతిలోకి నైలాన్ మేజోడును ఓ జానెడు దూర్చి, అంచును బయటికి మడిచి రబ్బరు బ్యాండు వేయండి. పురుగులన్నీ మేజోట్లో పడతాయి. మిషను ఆడుతుండగానే మేజోడు లాగి ముడి వేయాలి. ముందే ఆపేస్తే అన్నీ మళ్లీ బయటికొస్తాయి. తర్వాత చెంచాడు గిన్నెల సబ్బు కలిపిన బకెట్ నీళ్లలో ముంచేయండి. మందుల ఖర్చు లేదు.

అసలు పని మాత్రం సెప్టెంబరు మూడో వారంలోపే అయిపోవాలి. దక్షిణం, పడమర గోడలతో మొదలుపెట్టండి. కిటికీ చట్రాల చుట్టూ, కేబుళ్లు, పైపులు లోపలికొచ్చే చోట 3 మిల్లీమీటర్ల సందున్నా సీలెంట్‌తో పూడ్చండి. తలుపు కింద రబ్బరు పట్టీ బిగించండి. అటకకు గాలి వచ్చే రంధ్రాలకు సన్నకన్ను జాలీ కొట్టండి. పురుగులు లోపల చేరాక గోడ లోపలి ఖాళీలోకి మందు కొట్టించడం పెద్ద పొరపాటు. చచ్చినవి అక్కడే పోగుపడి, వాటిని తినడానికి కార్పెట్ పురుగులు వస్తాయి. అవి తర్వాత మీ ఉన్ని బట్టల మీద పడతాయి. జనవరిలో ఎండ కాసిన రోజున కిటికీ దగ్గర మళ్లీ కనిపిస్తే కొత్తవి వచ్చాయని కంగారుపడకండి. గోడలో నిద్రపోయినవే లేచాయి.

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె, చుట్టూ వరిచేలు. తెల్లారేసరికి మా అబ్బాయి మెడ మీద కొరడాతో గీసినట్టు ఎర్రటి చార, చిన్న బొబ్బలు. సర్పి అంటున్నారు. నిజమేనా?

జవాబు: డాక్టరుకు చూపించండి. చేల పక్కన, వానాకాలంలో, రాత్రికి రాత్రే చార తేలిందంటే మాత్రం ముందు అనుమానించాల్సింది ఒక సన్నటి పెంకు పురుగుని. బియ్యపుగింజ కంటే కాస్త పొడవు. తల నలుపు, మెడ నారింజ, వీపు మీద నీలంగా మెరిసే పొట్టి రెక్క, తర్వాత నారింజ, తోక చివర మళ్లీ నలుపు. తోక పైకెత్తి చీమలా పరిగెడుతుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనమే నిద్రలో రుద్దేస్తాం, దాని ఒంట్లోని విషం చర్మానికి అంటుకుంటుంది. చెయ్యి లాగిన దారంతా చార అవుతుంది. మంట వెంటనే తెలియదు, మర్నాటికో ఆ మర్నాటికో బొబ్బలు లేస్తాయి.

ఒంటి మీద కనిపిస్తే కొట్టకండి. ఊదేయండి, లేదా కాగితం ముక్క మీదికి ఎక్కించి దించండి. నలిగిందనిపిస్తే ఆ చోటునీ చేతులనీ వెంటనే సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కన్ను నలిపితే కన్ను వాచిపోతుంది, అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పురుగు వచ్చేది తెల్లటి లైటు కోసం. చీకటి పడుతూనే చేల వైపు కిటికీలు మూసేయండి, బయటి ట్యూబ్‌లైటు తీసి పసుపు బల్బు పెట్టండి, లైటు కిందినుంచి మంచం జరపండి, దోమతెర కట్టండి.

ప్రశ్న: తొలకరి పడగానే ఇల్లంతా ఉసిళ్లు. ఇంటికి చెద పట్టినట్టేనా? (వరంగల్)

జవాబు: ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే. బయటి పుట్టలోంచి లైటుకు వచ్చినవైతే గండం లేదు. లైట్లు ఆర్పి, ఒక్క బల్బు కింద నీళ్ల పళ్లెం పెడితే అందులోనే పడతాయి. కిటికీలు మూసి ఉన్నా ద్వారబంధం పక్కనుంచో గచ్చు పగులులోంచో వచ్చాయంటే మాత్రం చెద ఇంట్లోనే ఉంది. గోడ మీద మట్టిగూడు కనిపిస్తే రెండంగుళాలు గీకి వదలండి. నాలుగు రోజుల్లో మళ్లీ కట్టిందంటే లోపల ప్రాణంతో ఉన్నట్టే. ద్వారబంధానికి కిరసనాయిలు పూస్తే పైనున్నవి చస్తాయి, నేలలోని గూడుకేమీ కాదు. గోడా గచ్చూ కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలిపి, కింది మట్టి తడిసేలా పోయించాలి. బావి గానీ బోరు గానీ దగ్గరుంటే పనివాళ్లకు ముందే చెప్పండి.

ప్రశ్న: బియ్యం ఎండబెట్టినా ముక్కు పురుగు మళ్లీ వస్తోంది. దుకాణంలో బిళ్లలు ఇస్తామంటున్నారు. (కర్నూలు)

జవాబు: ఆ బిళ్లలు ఇంట్లోకి తేవొద్దు. వాటిలో ఉండే అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే మందు గాలిలోని తేమకు ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. మూసిన గదిలో పడుకున్నవాళ్ల ప్రాణాలు తీస్తుంది. పురుగు గింజకు కన్నం పెట్టి లోపల గుడ్డు పెడుతుంది. ఎండకు పైవి పారిపోతాయి, లోపలివి నెలకల్లా బయటికొస్తాయి. రెండేసి కిలోల పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా పొట్లం విప్పకండి, విప్పితే చెమ్మ పట్టి బూజొస్తుంది. డబ్బా మూలల్లోని పాత నూకంతా దులిపి, కడిగి, ఎండబెట్టాకే కొత్త బియ్యం పోయండి.