రెజిన్ క్రాఫ్ట్‌తో లెక్కలు, సైన్సు చెప్పొచ్చు, పోసేది మాత్రం పెద్దవాళ్ళే

9 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు ఎపాక్సీ రెజిన్ క్రాఫ్ట్‌తో అన్ని సబ్జెక్టులూ చెప్పొచ్చా, ప్రమాదమేమైనా ఉందా అని అడిగారు. నేను ఆ వయసు పిల్లలతోనే ఈ పని చేయిస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఎపాక్సీ రెజిన్ అంటే, హార్డెనర్ అనే ఇంకో ద్రవం కలిపి అచ్చులో పోస్తే గట్టి ప్లాస్టిక్‌లా మారే ద్రవం. ముందు ప్రమాదం సంగతి. గట్టిపడని రెజిన్ గానీ, హార్డెనర్ గానీ చర్మానికి తగులుతుంటే అలర్జీ రావచ్చు. వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఆ తర్వాత కాస్త తగిలినా దద్దుర్లే. అతినీలలోహిత కాంతితో గట్టిపడే యూవీ రెజిన్‌కీ ఇదే మాట. వాసన రావట్లేదు కదా అని ధీమా పడొద్దు. అందుకే కలపడం, పోయడం నేనే చేస్తాను, నైట్రైల్ గ్లవ్స్ తొడుక్కుని, కిటికీలన్నీ తీసి. పిల్లలు దూరంగా కూర్చుని చూస్తారు. పూర్తిగా గట్టిపడటానికి సీసా మీద రాసిన సమయం గడిచాకే ముక్క వాళ్ళ చేతికి వెళ్తుంది. చాలా రకాలకు అది 3 నుంచి 7 రోజులు. ఇసుక కాగితంతో రుద్దే పని కూడా వాళ్ళకివ్వను, ఆ పొడి పీల్చకూడదు.

మరి పిల్లలకు మిగిలేదేముంది అంటారా? పోయకముందు లెక్క, గట్టిపడ్డాక పరిశీలన. చదువంతా అక్కడే ఉంది.

లెక్కల్లో నాకు బాగా ఇష్టమైనది చెబుతాను. ఒకే వ్యాసార్థం, ఎత్తు కూడా ఆ వ్యాసార్థమంతే ఉన్న శంకువు, అర్ధగోళం, స్థూపం అచ్చులు మూడు తీసుకోండి. వాటి ఘనపరిమాణాలు 1:2:3 నిష్పత్తిలో ఉంటాయి. వ్యాసార్థం 2 సెం.మీ. అయితే సుమారు 8.4, 16.8, 25.1 మి.లీ. చాలా రెజిన్‌లు 2 పాళ్ళకు 1 పాలు హార్డెనర్ కలిపేవే. అంటే అర్ధగోళం నిండా రెజిన్, శంకువు నిండా హార్డెనర్ తీసుకుంటే స్థూపం సరిగ్గా నిండాలి! దీన్ని రంగునీళ్ళతో పిల్లల చేతే చేయించండి. అర్ధగోళంలో పసుపు, శంకువులో నీలం. రెండూ స్థూపంలోకి ఒంపితే ఆకుపచ్చ నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగుతాయి. శంకువులోని ఆఖరి చుక్కలు పడేటప్పుడు ఒక పాప ఊపిరి బిగబట్టి, "పొర్లదు, నేను లెక్క కట్టాను" అంది. సూత్రం బోర్డు మీద రాసిన రోజున ఆ నమ్మకం ఆ ముఖంలో లేదు.

దాని పక్కనే ఇంకో పాఠం: ఘనపరిమాణంలో 2:1 అంటే బరువులో 2:1 కాదు. రెజిన్, హార్డెనర్ సీసాల్లోంచి చెరో 10 మి.లీ. మీరు తీసి తూకం మీద పెట్టండి, తేడా పిల్లలే చదువుతారు. సాంద్రత ఎందుకు నేర్చుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

రసాయన శాస్త్రానికి వేడి చాలు. కలిపిన రెజిన్ కొంచెం కప్పులో ఉంచి, కొంచెం పల్చగా పరిచి, మీరు ఉష్ణోగ్రతలు చదివి చెబుతుంటే వాళ్ళు గ్రాఫ్ గీస్తారు. కప్పులోది వేడెక్కుతుంది, పరిచినది పెద్దగా వేడెక్కదు, ఎందుకంటే అక్కడ వేడి బయటికి పోయే చోటు ఎక్కువ. కప్పులో ఎక్కువ మోతాదు మాత్రం ఉంచకండి, పొగలు రావచ్చు.

పూలు, ఆకులు పెట్టాలంటే పూర్తిగా ఎండాలి. తడి ఉంటే రంగు మారి, బుడగలు వస్తాయి. అక్కడినుంచి అంబర్ కథకు వెళ్ళడం తేలిక. చెట్ల బంక కోట్ల ఏళ్ళలో గట్టిపడి అంబరైంది. మయన్మార్‌లో దొరికిన సుమారు 9 కోట్ల 90 లక్షల ఏళ్ళ నాటి అంబర్ ముక్కలో ఈకలున్న డైనోసార్ తోక కనబడిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఈ మాట వినగానే పిల్లలు తాము ఎండబెట్టిన ఆకును కొత్త కళ్ళతో చూస్తారు.

ఉబ్బెత్తుగా పోసిన పారదర్శక ముక్కను పుస్తకంలోని అక్షరాల మీద పెడితే అవి పెద్దవిగా కనిపిస్తాయి, వక్రీభవనానికి అది చాలు. భాషకు, చేసిన పనిని వరసగా రాయించి, ఆ కాగితం చూసి ఇంకొకరిని నీళ్ళతో చేయమనండి. ఎక్కడ మాట తప్పిపోయిందో అప్పుడే బయటపడుతుంది. సోషల్‌కి సముద్రపు లోతులు నీలం పొరలుగా చూపొచ్చు, అంతకుమించి బలవంతంగా అతికించొద్దు.

రెజిన్ కొనకముందే ఆ మూడు అచ్చుల తరగతి పెట్టేయండి. కొనేటప్పుడు "ఘనపరిమాణంలో 2:1" అని ఉన్న, మందంగా పోయడానికి పనికొచ్చే కాస్టింగ్ రకమే తీసుకోండి. పైపూతకు వాడే రకం 2 సెం.మీ. లోతులో పోస్తే మరీ వేడెక్కొచ్చు.