బస్తా ఎత్తుతుంటే నడుం పోయింది, యజమాని నిర్లక్ష్యం నిరూపించాలా?

విశాఖ ఆటోనగర్ గోదాములో కాంట్రాక్టర్ కింద మోత పని చేసే మీ తమ్ముడికి వెన్నులో డిస్కు జారింది, "సరిగ్గా ఎత్తలేదు, తప్పు నీదే" అంటున్నారు, వాళ్ల నిర్లక్ష్యాన్ని ఎలా నిరూపించాలి అని అడిగారు. నిరూపించనక్కర్లేదండి. పనిలో ఉండగా, ఆ పని వల్లే దెబ్బ తగిలిందని తేలితే చాలు. 1923 నాటి పరిహార చట్టం చెప్పేది అదే, 2025 నవంబర్ 21న దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ చెప్పేదీ అదే. తాగి ఉన్నాడనో, భద్రత నియమాన్ని కావాలని ధిక్కరించాడనో అయితే వాళ్లు వాదించుకోవచ్చు. వంగిన తీరు బాగాలేదన్నది వాదనే కాదు.

కేసు చెడేది ఆసుపత్రి చీటీ దగ్గర. రాత్రిపూట లారీ దింపుతుంటారు. పై వరసలోంచి 50 కేజీల బస్తా భుజానికెత్తుకుని పక్కకు తిరగ్గానే నడుం కలుక్కుమంటుంది. "పట్టేసిందిలే, బామ్ రాసుకుని పడుకో" అని మేస్త్రి ఇంటికి పంపేస్తాడు. తెల్లారేసరికి మంచం దిగలేడు, కాలంతా తిమ్మిరి. వీధి చివర క్లినిక్కులో "నడుం నొప్పండి, అప్పుడప్పుడూ వస్తుంది" అంటాడు, చీటీలో అదే ఎక్కుతుంది. తర్వాత యజమాని తరఫు బీమా కంపెనీ లాయరు ఆ చీటీనీ, ఎంఆర్ఐ రిపోర్టులో ఎల్4-ఎల్5 (నడుము కింది వెన్నుపూసలు) దగ్గర "అరుగుదల" అన్న మాటనీ పక్కపక్కన పెట్టి, ఇది పాత జబ్బే, పని వల్ల వచ్చింది కాదంటాడు. ఏళ్ల తరబడి బస్తాలు మోసినవాడి వెన్ను అరగకుండా ఉంటుందా! అందుకే కేజీహెచ్‌కి వెళ్లినా ఇంకెక్కడికి వెళ్లినా తేదీ, వేళ, ఎంత బరువు, ఎక్కడ ఎత్తుతుండగా జరిగిందన్నది మొదటి చీటీలోనే రాయించాలి. మేస్త్రికి ఆ రాత్రే వాట్సాప్ పెట్టాలి. లారీ నంబరు, పక్కన మోసినవాళ్ల పేర్లు రాసి పెట్టుకోవాలి.

ఇఎస్ఐ (జీతంలోంచి చందా కట్టే కార్మికుల బీమా) ఉందేమో ముందు చూడండి. ఉంటే మల్కాపురం ఇఎస్ఐ ఆసుపత్రికి వెళ్లాలి. పనికి వెళ్లలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం వస్తుంది, యజమాని నుంచి విడిగా పరిహారం అడగడం మాత్రం కుదరదు. ఇఎస్ఐ లేకపోతే కార్మిక శాఖలో పరిహారం తేల్చే అధికారికి, ప్రమాదం జరిగిన 2 ఏళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. కాంట్రాక్టర్ ఒక్కడినే కాదు, గోదాము యజమానినీ ప్రతివాదిగా చేర్చండి. మందుల బిల్లులు ఒక్కటీ పారేయకండి, వైద్యం ఖర్చు వేరుగా వస్తుంది.

శాశ్వత నష్టం మిగిలితే లెక్క ఇలా ఉంటుంది. నెల జీతంలో 60 శాతాన్ని వయసు గుణకంతో (వయసును బట్టి చట్టం పట్టికలో ఉన్న అంకె) హెచ్చవేసి, సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇస్తారు. జీతం ఎంతున్నా 15,000 దాకానే లెక్కలోకి వస్తుంది. 35 ఏళ్లవాడికి గుణకం 197.06 కాబట్టి 15,000 జీతం, 20 శాతం నష్టం అయితే 3,54,708 రూపాయలు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన జరిమానా కూడా పడొచ్చు.

అంగవైకల్యం శాతమూ, సంపాదన నష్టమూ ఒకటి కావు. మోచేతి పైదాకా ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి సుప్రీంకోర్టు 1970లలోనే నూరు శాతం నష్టం కింద లెక్కగట్టింది. మోత తప్ప వేరే పని రానివాడి నడుముకూ ఆ వాదన పనికొస్తుంది. సర్టిఫికెట్‌లో "ఇక బరువులెత్తే పని చేయలేడు" అని స్పష్టంగా ఉండాలి.

 

యజమాని వాళ్లు ఇరవై వేలు చేతిలో పెట్టి "ఇక ఏమీ అడగను" అని స్టాంపు కాగితం మీద సంతకం అడుగుతారు. హక్కు వదులుకునే అలాంటి ఒప్పందం చెల్లదు. సంతకం పెట్టేసి ఉన్నా దరఖాస్తు ఆపకండి.