శత్రువులు చచ్చేదాకా ఎందుకు కొట్లాడాలి?

మీ గేమ్‌లో ఫైట్లన్నీ ఒకేలా ఉంటున్నాయి, శత్రువులు ఆఖరి హిట్ పాయింట్ (ప్రాణం లెక్క) దాకా కొడుతూనే ఉంటారు, ఏం చేయాలి అని అడిగారు. నేను కర్నూలులో స్నేహితులకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ పాత్రలుగా కథ ఆడుకునే గేమ్) నడిపిస్తుంటాను. శత్రువుల స్టాట్స్ (బలాబలాల అంకెలు) మార్చితే ఇది పోదండి. శత్రువులు వేరే పని మీద వచ్చి ఉండాలి, ఆ పనికి ప్లేయర్లు అడ్డం పడాలి.

మన సీమ చరిత్రే చూడండి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో కట్టుబడులు ఉన్నారు. ఊరి కాపలాకని వాళ్లకిచ్చిన మాన్యాలను కంపెనీవాళ్లు లాక్కున్నారు. అలాంటి మనిషి ఎదురుపడి, నీ భూమి నీకిప్పిస్తామంటే కత్తి దించుతాడా, నాయకుణ్ణి విడిచి వస్తాడా? ఇది ముందే తేల్చుకుంటే ఆ ఫైట్ నడిపించడం చాలా సులువు.

మా గేమ్‌లో ఒకసారి గండికోట ధాన్యాగారం లాంటి చోటు పెట్టాను. కరువు కాలం, రాత్రిపూట దొంగలు పడ్డారు. మొదటి రౌండ్‌లో ఒక్కడూ కత్తి ఎత్తలేదు, అందరూ జొన్న మూటలు లాగుతున్నారు. ఒక కుర్రాడికి భుజం మీద దెబ్బ పడినా మూట వదల్లేదు. అప్పుడు మా ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడే అతను, "ఏమప్పా, వీళ్లు కొట్టేకి వచ్చినారా, తినేకి వచ్చినారా?" అన్నాడు. అక్కడి నుంచి బేరం మొదలైంది. దొంగల నాయకుడు మాత్రం ఒప్పుకోలేదు, అతని తమ్ముడు వేరొకరి చెరలో ఉన్నాడు, విడిపించాలంటే ఆ ధాన్యం మొత్తం కావాలి. చివరికి కత్తులు కలిసింది అతనితోనే.

కాబట్టి కారణం మొదటి రౌండ్‌లోనే కంటికి కనబడాలి. మీ నోట్‌బుక్‌లో ఎంత గొప్పగా రాసుకున్నా ప్లేయర్లకు తెలియకపోతే దండగే.

ఎప్పుడు పారిపోతారో కూడా రాసుకోండి. 1981 నాటి బేసిక్ రూల్స్‌లో ప్రతి రాక్షసుడికీ 2 నుంచి 12 దాకా మొరేల్ (ధైర్యం) అంకె ఉండేది. తమలో మొదటివాడు చచ్చినప్పుడు, సగం మంది పడిపోయినప్పుడు రెండు ఆరు ముఖాల డైస్ వేస్తారు, మొత్తం ఆ అంకెను దాటితే వెనక్కి తగ్గుతారు. ఇప్పటికీ నేను వాడేది ఇదే. తోడేళ్లకు ఒక మేక దొరికితే చాలు, వెళ్లిపోతాయి. అస్థిపంజరాలకు కోరికలుండవు కదా అంటారేమో, వాటికి ఒక ఆజ్ఞ ఇవ్వండి: ఈ గుమ్మం ఎవరినీ దాటనివ్వకు. వెనక్కి తిరిగినవాళ్లను అవి తరమవు.

ఇంకొకటి, పారిపోయిన, మాటలతో ఆగిన శత్రువుల లెక్కన కూడా ప్లేయర్లకు ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) పూర్తిగా ఇవ్వండి. ఇవ్వకపోతే ప్లేయర్లు వాళ్లను వెంటాడి మరీ చంపుతారు.