ముందు ఇక్కడ ఆరు నెలల డబ్బు, తర్వాతే ప్లాటు

చెల్లెమ్మా, నువ్వు రాసిందంతా చదివాను. చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. ఇంట్లో మీ ఆయన జీతం ఒక్కటే. హెచ్4 మీద, అంటే మీ ఆయన వీసా వల్ల నీకొచ్చిన వీసా మీద, ప్రస్తుతానికి అమెరికాలో నువ్వు ఉద్యోగం చేయలేవు. నెలాఖరుకి ఖాతాలో ఏమీ మిగలడం లేదు. మామగారేమో శంషాబాద్ అవతల ప్లాటు చూశాం, అడ్వాన్సు పంపండి అంటున్నారు. కూరగాయల్లో, కరెంటులో ఎలా తగ్గించాలో చెప్పమని అడిగావు. నన్నడిగితే, అక్కడ తగ్గించడానికి పెద్దగా ఏమీ లేదు.

మేం 2007లో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో దిగాం. ఆ ఏడాది చివర్లో డాలరు 40 రూపాయలకి అటూ ఇటూగా ఉండేది. ఏది చేత్తో పట్టుకున్నా నా నోట్లో నలభయ్యో ఎక్కమే. కొత్తిమీర కట్టకి ఇంత పొయ్యాలా అని వెనక్కి పెట్టేసేదాన్ని. కూపన్లు కత్తిరించి కవర్లో దాచుకుని, సబ్బులకి ఒక షాపుకీ, నూనెకి ఇంకో షాపుకీ మా ఆయన్ని తిప్పేదాన్ని. ఆ తిరుగుళ్లకి కారులో పోసిన పెట్రోలుకి మాత్రం ఏ ఎక్కమూ చదవలేదు. అంత లెక్కలమారి మనిషిని, కారు కొనే రోజున నెలకి ఎంత కట్టాలి అని అడిగానే గానీ మొత్తం ఎంత కడతాం అని అడగలేదు. క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పులు తీర్చిన చరిత్ర, లేదని వడ్డీ మోత మోగించారు. ఏడాదంతా కొత్తిమీర మానేసి నేను మిగిల్చింది ఆ లోను ఒక నెల వడ్డీకి కూడా రాలేదు.

నీ లెక్కలోనూ అంతే. అద్దె, కారు, ఇన్సూరెన్సు, ఇంటికి పంపేది. జీతంలో పెద్ద ముక్క ఈ నాలుగింటికే పోతుంది. లీజు అయిపోయేలోగా ఇంకో నాలుగు అపార్ట్‌మెంట్లు చూడండి. కొన్నాళ్లు ఒక్క కారుతో గడపండి. కార్డు బిల్లు ప్రతి నెలా మొత్తం కట్టేయండి, మినిమమ్ కట్టి ఊరుకోకండి. ఇవి చేశాక కొత్తిమీర కొనుక్కో, నేనేమీ అనను.

అసలు నా భయం వేరే. మేం ఇంటికి పంపే విధానం చెబుతాను విను. మిగిలింది మిగిలినట్టు ఊరికి పంపేవాళ్లం. ఇక్కడుంటే ఖర్చయిపోతుంది, అక్కడైతే ప్లాటు మీద పెరుగుతుంది అని మా ఆయన సిద్ధాంతం. నేనూ తలూపాను. 2009లో ప్రాజెక్టు అయిపోయింది. కన్సల్టెన్సీ వాళ్లు బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేని రోజులకి, జీతం ఇవ్వలేదు. ఇవ్వాలని రూలుంది, కానీ వీసా వాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు గట్టిగా అడిగే ధైర్యం ఎవరికుంది? చూస్తే ఖాతాలో పై నెల అద్దెకి సరిపడా లేదు. ఊళ్లో మాత్రం మా పేరున వెంచర్లో ప్లాటుంది, కొలత రాళ్లు కూడా పాతారు. అది అమ్మి డబ్బు తెచ్చుకుందామంటే కొనేవాడేడీ? అమెరికాకి డబ్బు పంపండి అని మామగారిని అడగలేక, మా ఆయన స్నేహితుడి దగ్గర చేయి చాచాడు. ఆ రోజులు ఎలా గడిచాయో చెబితే మీ తరం నమ్మరు.

మీకు నయం. 2017 జనవరి నుంచి ఉద్యోగం పోయినా 60 రోజుల దాకా ఇక్కడ ఉండనిస్తున్నారు, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ94 గడువు అంతకంటే ముందే అయిపోతే అప్పటివరకే. మా రోజుల్లో అదీ లేదు. కానీ ఆ 60 రోజుల గడువు వీసాకే, అద్దెకి కాదు. ఉద్యోగం పోయాక కూడా కోబ్రా అనే చట్టం కింద పాత హెల్త్ ఇన్సూరెన్సు ఉంచుకోవచ్చు గానీ, కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టుకోవాలి. అందుకే ఆరు నెలల ఖర్చు డాలర్లలో, ఇక్కడే, సేవింగ్స్ ఖాతాలో ఉండాలంటున్నాను. ఎఫ్‌డీఐసీ, అంటే డిపాజిట్ల మీద ప్రభుత్వ బీమా, ఉన్న బ్యాంకైతే ఒక్కో మనిషికి 2,50,000 డాలర్ల దాకా భయం లేదు. అది పోగయ్యేదాకా 401కేలో, అంటే కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతాలో, కంపెనీ కలిపే వాటా రావడానికి ఎంత కావాలో అంతే వెయ్యండి. అందులోంచి 59½ ఏళ్లు నిండకుండా తీస్తే మామూలుగా పన్నుతోపాటు 10 శాతం జరిమానా పడుతుంది.

ఎలా పోగెయ్యాలంటావా? మీ ఆయనకి రెండు వారాలకోసారి జీతం అన్నావుగా. అంటే ఏడాదికి 26 జీతాలు. నెలకి రెండు జీతాలతో సంసారం నడుపు. మూడు జీతాలొచ్చే నెలలు మామూలుగా ఏడాదికి రెండు వస్తాయి. ఆ మూడోది పడ్డ రోజే సేవింగ్స్‌లోకి పంపేసెయ్. అసలు రాలేదనుకో. ఇది నాకెవరూ చెప్పలేదు, క్యాలెండర్ ముందేసుకుని నేనే కనిపెట్టాను.

ఇంటికి పంపొద్దని అనడం లేదు. మేమూ పంపుతూనే ఉన్నాం. కానీ ఏడాదికి ఇంత అని ముందే అనుకుని, ఒక్కసారే చెప్పేయండి. ఆ మాట కొడుకు నోట రావాలి. నువ్వు చెప్పావో, పదేళ్లైనా ఆ పేరు పోదు.

ఒంటరిగా ఉంది, ఏమీ తోచడం లేదని కూడా రాశావు. లైబ్రరీకి వెళ్లు, గుడికి వెళ్లు, అదే సర్దుకుంటుంది. మీ ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ140 అప్రూవ్ అయ్యాక నీకూ పని చేసే పర్మిట్ రావచ్చు. 2015కి ముందు మాకు ఆ ఆశ కూడా లేదు. టెన్షన్ పడితే ఖాతా గురించి పడు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల రిపోర్టు, వెయ్యాలి. అక్కడి మ్యూచువల్ ఫండ్లకి ఇక్కడ పన్ను గోల వేరే ఉంది. అవన్నీ పన్నులు చూసే అకౌంటెంటుని, అదే సీపీఏని, అడుగు.

ఇక ప్లాటు. అడ్వాన్సు ఇంకా పంపలేదన్నావు, అది మంచిదైంది. లేఔటు ప్లాటా, ఫామ్ ల్యాండ్ పేరుతో అమ్ముతున్న వ్యవసాయ భూమా అని ముందు కనుక్కోండి. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. లేఔటే అయినా, ఆరు నెలల డబ్బు పోగయ్యాకే చూద్దామని మీ ఆయన్ని ఈ ఆదివారమే ఫోన్ చేసి చెప్పమను. ఇప్పుడు తీసుకోకపోతే చెయ్యి దాటిపోతుందంటారు. మాకూ ఆ మాటే చెప్పారు. ఆ వెంచర్లో ఇప్పటికీ ప్లాట్లు అమ్ముతూనే ఉన్నారు.