గుర్రపుడెక్క ఆకులకు నల్లి పడితే మందు కొట్టాలా?

"మా చెరువులో గుర్రపుడెక్క ఆకులన్నీ చారలు పడి ఎండిపోతున్నాయి, నల్లి అంటున్నారు. మందు కొట్టాలా?" అని అడిగారు. వద్దండీ! కలుపు మొక్కకు జబ్బు చేస్తే మనం వైద్యం చేయడమేంటి?

ఇలా అంటున్నాను గానీ, ఆ తెలివితక్కువ పని చేసినవాణ్ణి నేనే. పూలు బాగుంటాయని సిమెంటు తొట్టిలో నాలుగు మొక్కలు వేశాను, దోమలు రాకుండా కాసిన్ని చిన్న చేపలు కూడా. కొన్నాళ్లకు ఆకుల మీద సన్నటి గీతలు కనిపించాయి. ఒక ఆకు తెంపి ఎండకేసి చూస్తే, ఈనెల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు వరసగా ఉన్నాయి, ఒక్కోటి అర సెంటీమీటరు పొడవు. భూతద్దం పెడితే అవి గీతలు కావు, సొరంగాలు! ఒకదాని చివర గుండ్రటి కన్నం, దాని పక్కన నిగనిగలాడే నల్లటి చుక్క. ఆ చుక్క నడిచింది. టెన్షన్‌లో ఇంట్లో ఉన్న పురుగుమందేదో కొట్టేశా. తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. నల్లి పిల్లలు మాత్రం ఆకు లోపల భద్రంగా ఉన్నాయి.

అసలు ఈ 'నల్లి' అనే మాటే కొంప ముంచుతోంది. మంచంలో కుట్టే నల్లి ఆరుకాళ్ల కీటకం. ఈ ఆకు మీది నల్లేమో సాలీడు చుట్టం, ఎదిగాక ఎనిమిది కాళ్లు. పేరు ఒకటే కదా అని ఏ పురుగుమందు పడితే అది కొడితే, కొన్నిసార్లు దాన్ని తినే మిత్రపురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది.

మీరు చెప్పిన చారలు అవే అయితే దీని పేరు ఆర్థోగాలమ్నా టెరెబ్రాంటిస్. గుర్రపుడెక్కలాగే ఇదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. ఆ కలుపును అణచడానికే జాంబియాలో 1971లో, ఇండియాలో 1980లలో కావాలనే వదిలారు. గుర్రపుడెక్క, దాని దగ్గరి జాతులే దీని తిండి కాబట్టి పక్క పొలానికి పాకుతుందన్న భయం అక్కర్లేదు.

అలాగని ఇదే చెరువంతా బాగు చేస్తుందని కూర్చోకండి. ఒక ఆకు ఎండేలోపు రెండు కొత్తవి లేస్తాయి. నన్నడిగితే ఇదే కలుపును తినే నియోకెటినా ముక్కుపురుగులే నయం, కాండం దాకా తొలిచేస్తాయి. కానీ మురుగు కలిసి ఆ కలుపుకు ఎరువవుతున్నంత కాలం ఏ పురుగు మాత్రం ఎంతని తింటుంది? ముందు మీ చెరువులోకి ఏ కాలువ వచ్చి పడుతోందో చూడండి.

నా తొట్టి మొక్కల్ని పీకి, పూర్తిగా ఎండాక పాదుల్లో కప్పేశాను. చేపల్ని మళ్లీ తేలేదు.