ఈవి వేరు, ఇచ్చిపుచ్చుకోలు వేరు

సందేహం: తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేదాన్ని కానుక అనాలా, బహుమతి అనాలా, దానం అనాలా? ‘ఉచిత బహుమతి’ తప్పా? గిఫ్ట్ ఎకానమీకి (కొనడం, అమ్మడం బదులు ఒకరికొకరు ఇచ్చుకోవడం మీద నడిచే వ్యవస్థకు) తెలుగులో మాట ఉందా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాసిన మూడు మాటల్లో ఏదీ మీరు కోరిన అర్థానికి అచ్చంగా సరిపోదు. కానుకలో ‘కను’, ‘కానవచ్చు’ మాటల్లోని చూపు ఉంది. పెద్దల్ని చూడబోతూ పట్టుకెళ్ళేది కానుక. బహుమతి అంటే సంస్కృతంలో గొప్పగా తలచడం. ఆ తలపుకు గుర్తుగా ఇచ్చే వస్తువుకు తర్వాత ఆ పేరు వచ్చింది. దానం పుణ్యఫలాన్ని వెంటబెట్టుకునే వస్తుంది.

మనకో పాత మాట ఉంది: ఈవి. ఇప్పుడెవరూ వాడడం లేదని నాకు బాధ. ‘ఇచ్చు’కు మూలమైన ‘ఈ’ ధాతువు నుంచి పుట్టింది. ఈగి అన్నా అదే, ఇచ్చేవాడు ఈవరి. తమిళంలో ‘ఈగై’. తమిళ నీతి గ్రంథం తిరుక్కుఱళ్‌లో 23వ అధ్యాయం పేరే అది. లేనివాడికిచ్చేదే ఈగై, మిగతాదంతా చేబదులు లాంటిదేనని ఆ అధ్యాయంలోని మొదటి పద్యమే తేల్చేసింది.

ఆ ధాతువు బలం చూడాలంటే పోతన భాగవతంలోని వామన ఘట్టానికి వెళ్ళాలి. వచ్చిన వడుగు విష్ణువని, ఇస్తే సర్వం పోతుందని శుక్రాచార్యుడు హెచ్చరించాడు. అప్పుడు బలి అంటాడు:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవంజాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

‘ఈరే’ అంటే ‘ఇవ్వలేదా’ అని. మూట కట్టుకున్నవాళ్ళకు పేరు కూడా మిగల్లేదు, ఇచ్చినవాళ్ళను లోకం మరవలేదు. ఆ తేడా అంతా రెండక్షరాల మీద నిలిచింది. అయితే ‘యశఃకాములై’ దగ్గర ఆగాలి. శిబి వంటివారు కూడా కీర్తి కోరి ఇచ్చారని బలే ఒప్పుకుంటున్నాడు. మరి అది నిజమైన ఈవేనా? ఇదే ఘట్టంలో ఇంకో పద్యం ఉంది. లక్ష్మీదేవి కొప్పు మీద నిలిచిన విష్ణువు చెయ్యి కిందై, తన చెయ్యి పైన ఉండడం మేలు కాదా అంటాడు. ఇచ్చేవాడికి కలిగే ఆ సంతోషాన్ని పోతన దాచలేదు. అయినా నేను బలి పక్షమే. ‘యశఃకాములై’ కంటే ముందు కవి ‘ప్రీతిన్’ అన్నాడు. ప్రీతితో ఇచ్చాక కీర్తి వస్తే రానీ. పైగా ఎదుటివాడెవరో, తనకేమవుతుందో తెలిసి కూడా ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ అన్నాడు. బేరమాడేవాడు అలా ఇవ్వడు.

ఇక గిఫ్ట్ ఎకానమీ. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో దీని గురించి రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం, ఈ మూడూ పైకి ఇష్టంగా కనిపించినా నిజానికి బాధ్యతలే అన్నాడు. దీనికి ‘బహుమతి ఆర్థిక వ్యవస్థ’ అని రాస్తున్నారు. అది వింటే నాకు పోటీల ప్రైజులు గుర్తొస్తాయి. రెండు క్రియలు ఒకదాన్నొకటి పట్టుకున్న ‘ఇచ్చిపుచ్చుకోలు’ మనకు ఉండగా ఈ అనువాదం ఎందుకు? రాజీ పడడం అనే అర్థంలో కూడా ఆ మాట వాడుతున్నారు కాబట్టి అన్నిచోట్లా కుదురుతుందని మాత్రం చెప్పలేను. ఈవిలో తిరిగి ఇవ్వాలన్న బాధ్యత లేదు, దాన్ని దీనికి వాడకండి.

ఉచితం అంటే తగినది. సముచితం, అనుచితం మాటల్లో ఆ అర్థం ఇంకా ఉంది. ‘ఊరికే వచ్చేది’ అన్న అర్థం తెలుగులో స్థిరపడింది, దాన్ని తప్పనను. కానీ ధర పుచ్చుకుని ఇచ్చే బహుమతి ఎక్కడైనా ఉందా? ప్రకటనలు రాసేవాళ్ళు ఆ విశేషణాన్ని తీసేయాలి. అలాగే ‘బహుకరించారు’ అని అచ్చువేస్తున్నారు. అది బహూకరించు, హూకు దీర్ఘం ఉండాలి.