పేనుకొరుకుడికి గురివింద గింజ రుద్దొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాశీబుగ్గ. నాకు 28 ఏళ్లు. రెండు నెలల కిందట కుడి చెవి వెనకాల రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయి నున్నగా అయిపోయింది. దురద, నొప్పి లేవు. చూసినవాళ్లు పేనుకొరుకుడు అన్నారు. ఆటోఇమ్యూన్ జబ్బని ఫోన్‌లో చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పది రోజులుగా ఉల్లిరసం రాస్తున్నాను. మా మామ్మ గురివింద గింజలు తెచ్చి, అరగదీసి రుద్దమంటోంది. జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లే మా తోటికోడలేమో పిక్క పెంకులోంచి వచ్చే జీడినూనె రాయమంటోంది. ఇంగ్లీషు మందులు లేకుండా చెట్టు మందులతో తగ్గుతుందా? నాలుగేళ్ల మా పాపకీ నా దువ్వెనే వాడుతున్నాను, అంటుకుంటుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ గురివింద గింజలు, జీడినూనె రెండూ పక్కన పెట్టేయండి. ఆ తర్వాతే మిగతాది చదవండి.

పేను రక్తం పీలుస్తుందే గానీ వెంట్రుకని కొరకదు, పేరు అలా పడిపోయిందంతే. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది అలోపేసియా ఏరియాటా లాగే ఉంది. మీరు చదివిన ఆటోఇమ్యూన్ అంటే ఇదే: రోగాలతో పోరాడాల్సిన తెల్లరక్తకణాలు పొరపాటున వెంట్రుక కుదురు చుట్టూ మూగి దాడి చేస్తాయి, దాంతో వెంట్రుక రాలిపోతుంది, కానీ కుదురు మాత్రం చావదు. చర్మం కింద అలాగే బతికి ఉండి, దాడి ఆగిన రోజున మళ్లీ వెంట్రుకని పైకి పంపుతుంది. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా ఆ కుదురుని చంపుకోకుండా కాపాడుకోవడం గురించే.

పోయిన వేసవిలో మందస వైపు నుంచి ఒకాయన వచ్చాడు. మొదట అయిందీ మీలాగే రూపాయి బిళ్లంత మచ్చే. ఎవరో చెప్పారని కోడి ఈకతో జీడినూనె అద్దాడు, మూడో రోజుకి పొక్కి, నీరు కారి, పుండయింది. నా దగ్గరికి వచ్చేసరికి మచ్చ అరచేయంత ఉంది, మధ్యలో చర్మం కాలి మానినట్టు బిగుసుకుపోయి మెరుస్తోంది. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్ పెట్టి చూస్తే అంచుల్లో కుదుళ్లు కనిపిస్తున్నాయి, సన్నగా నూగు కూడా మొదలైంది. మధ్యలో మాత్రం ఒక్క రంధ్రం లేదు. జుట్టు ఎప్పుడొస్తుందండీ అని అడిగాడు. అంచున వస్తుంది, మధ్యలో రాదు అని చెప్పాల్సి వచ్చింది. జీడి ఒలిచేవాళ్లు చేతులకి నూనో బూడిదో పూసుకుని ఎందుకు కూర్చుంటారో పలాస ఆడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పని చేసి చేసి గట్టిపడిన అరచేతినే కాల్చేది తలమీద చర్మాన్ని వదులుతుందా? నల్లజీడి గింజ కూడా ఆ కుటుంబంలోదే.

గురివింద సంగతి ఇంకా పెద్దది. అందులో ఏబ్రిన్ అనే విషం ఉంటుంది. గింజ పగలకుండా ఉన్నంతసేపు పైపెంకు దాన్ని లోపల ఆపుతుంది, అరగదీస్తే బయటికొస్తుంది. మన ఊళ్లలో మచ్చని గరుకుగుడ్డతో నెత్తురు చిమ్మేదాకా రుద్ది, ఆ పచ్చిగాయం మీద ఈ ముద్ద పెడతారు. అంటే విషానికి మనమే దారి తీసి ఇస్తున్నాం.

అలాగని మామ్మల ఆలోచనని నేను కొట్టిపారేయను. చర్మాన్ని కాస్త రేపితే జుట్టొస్తుందని వాళ్లు కళ్లారా చూసే అనుకున్నారు, అందులో నిజముంది. మేమూ జబ్బు బాగా ముదిరినవాళ్లకి డైఫెన్‌సిప్రోన్ అనే మందుతో కావాలనే కొంచెం అలర్జీ తెప్పిస్తాం, దాంతో కుదురు మీద దాడి పక్కకి మళ్లుతుంది. కాకపోతే మేము బాగా పలచన చేసి, వారం వారం చూసుకుంటూ మోతాదు పెంచుతాం. గింజకి ఆ కొలత ఎక్కడిది?

ఇక ఉల్లిరసం. దీని మీద 2002లో బాగ్దాద్ డాక్టర్లు ఒక పరిశోధన అచ్చువేశారు. రోజుకి రెండుసార్లు రాసినవాళ్లు 23 మంది, ఆరు వారాలకి వాళ్లలో 20 మందికి జుట్టు మొలిచింది. మామూలు నీళ్లు రాసిన 15 మందిలో ఇద్దరికే వచ్చింది. వినడానికి బాగుంది కానీ మనుషులు తక్కువ, పైగా ఆ వాసనతో ఎవరు ఏది రాసుకుంటున్నారో అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి ఆ లెక్కని నేను పూర్తిగా నమ్మను. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 1998లో రోజ్‌మేరీ, థైమ్, లావెండర్, సెడార్ నూనెలు కలిపి ఏడు నెలలు మర్దన చేయించారు, 43 మందిలో 19 మందికి మెరుగైంది, ఉత్త నూనె రాసుకున్న 41 మందిలో ఆరుగురికి. చెట్టు మందుల్లో కాస్త ఆధారం ఉన్నవి ఇవే. మీకు మంట లేకపోతే ఉల్లిరసం ఇంకో నెల రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఎర్రబడి పొట్టు లేస్తే ఆపేయండి.

ఒకటి మాత్రం తెలుసుకోండి. మీలా ఒకటి రెండు చిన్న మచ్చలున్నవాళ్లలో మూడో వంతు నుంచి సగం మంది దాకా ఏడాదిలోపు ఏ మందూ లేకుండానే జుట్టు తిరిగొస్తుంది. అప్పుడు చివరగా ఏది రాశారో దానికి పేరొస్తుంది. మొదట తెల్లవెంట్రుకలు వస్తే కంగారు పడకండి, తర్వాత నల్లబడతాయి.

ఇమ్యూనిటీ పెంచుతాయని తిప్పతీగ, అశ్వగంధ కషాయాలు మాత్రం తాగొద్దు. మీ ఒంట్లో ఇమ్యూనిటీకి లోటేమీ లేదు, అది తప్పుదారి పట్టింది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబయి డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు గానీ, ఆటోఇమ్యూన్ జబ్బున్నవాళ్లకి నేను ఇవ్వను.

ఇంగ్లీషు మందంటే భయపడకండి. ఇంత చిన్న మచ్చకి మచ్చలోనే సన్నటి సూదితో స్టెరాయిడ్ ఇస్తాం, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. చీమ కుట్టినట్టుంటుంది, ఒక్కోసారి అక్కడ కొద్దిగా గుంట పడుతుంది, చాలావరకు అదే సర్దుకుంటుంది. 2022లో అమెరికా అనుమతించిన బారిసిటినిబ్ లాంటి మాత్రలు తలంతా ఊడినవాళ్లకి, మీకు అక్కర్లేదు. థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించుకోండి, పేనుకొరుకుడు, థైరాయిడ్ జబ్బు రెండూ ఒకరిలోనే కనిపించడం మామూలే.

మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి నెలకో ఫొటో తీయించుకోండి. కొత్త మచ్చలు వచ్చినా, కనుబొమ్మలు రాలినా, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడినా ఆగకుండా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పాపకి అంటుకోదు, దువ్వెన గురించి దిగులొద్దు. పాప తలలో ఎప్పుడైనా పొట్టు లేచి దురదపెట్టే మచ్చ కనిపిస్తే అది తామర అయ్యుండొచ్చు, అది వేరు, అది అంటుకుంటుంది, చూపించండి. మామ్మ తెచ్చిన ఆ ఎర్రటి గింజలు పాప చేతికి అందేచోట ఉన్నాయేమో ఇప్పుడే లేచి చూడండి. పిల్లలు పూసలనుకుని నోట్లో పెట్టుకుంటారు, నమిలితే ఒక్క గింజ కూడా ప్రమాదమే.